ఏబదివేల తెలుగు గ్రంథములు: డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాపై ఒక విమర్శ

2007వ సంవత్సరము చివర అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి ఒక ప్రకటన వెలువడినది. ముద్రిత గ్రంథములను పుట పుటకు బొమ్మ తీసి, కంప్యూటరులలో భద్రపరచి, కోరినవారెల్లరు ఉచితముగ చదువుకొనునట్లు చేయవలెనని ఆ విశ్వవిద్యాలయము భారతదేశము, చైనా మున్నగు దేశముల సంస్థలతో కలసి చేపట్టిన పని పదునైదు లక్షల గ్రంథములను దాటినదని ఆ ప్రకటన సారాంశము. అందులో చైనా భాషా గ్రంథములు 9,70,000. ఆంగ్ల గ్రంథములు 3,60,000. మూడవ స్థానము తెలుగుది: 50,000. అరబ్బీ 40,000తో తెలుగు తరువాత నిలచినది.

ఈ లెక్క చూచిన తెలుగువాడు గర్వించుటలో ఆశ్చర్యము లేదు. ప్రపంచ భాషల పంక్తిలో తెలుగునకు మూడవ పీట దొరకుట నిత్యము జరుగు విషయము కాదు. అయితే గ్రంథాలయ శాస్త్రము తెలిసినవాడు ఈ సంఖ్యను విని వేయవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఈ ఏబదివేలలో తనకు కావలసిన ఒక్క పుస్తకమును, దాని పేరును కర్త పేరును తెలిసియుండియు, పాఠకుడు కనుగొనగలిగెనా? కనుగొన్న పుస్తకమును చదువగలిగెనా? పది సంవత్సరముల తరువాత మరల అదే చోటికి పోయినచో అది అక్కడ ఉండెనా? ఈ మూడు ప్రశ్నలకును సంతృప్తికరమైన సమాధానము లేదు. అందుచేతనే ఈ ఉద్యమమును పొగడుటతో సరిపెట్టక, పరీక్షించి చూడవలసియున్నది.

ముందుగ పొగడవలసినదానిని పొగడుట న్యాయము. ఈ ఆలోచనకు మూలపురుషుడు చిత్తూరు ప్రాంతమున కాటూరు గ్రామములో 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు. యంత్రములకు మాటలను గుర్తించు శక్తిని కలిగించు పరిశోధనలకు ప్రసిద్ధుడై, 1994లో కంప్యూటరు శాస్త్రజ్ఞులకు అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానమును ఫైగెన్‌బామ్‌తో కలసి అందుకొనినవాడు. పది లక్షల గ్రంథములను సర్వజనులకు అందుబాటులోనికి తేవలెనని ఆయన సంకల్పించెను. భారతదేశమున ఈ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పేరున సాగినది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఇందులో ముఖ్య భాగస్వాములు. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాము దీని వెబ్‌సైటును ప్రారంభించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయము, హైదరాబాదు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర కేంద్ర గ్రంథాలయము మున్నగువాని బీరువాలలో ధూళి కప్పుకొనియున్న పుస్తకములు వెలుతురు చూచినవి. పత్రికల పాత సంపుటములు, నాటకములు, వైద్య గ్రంథములు, స్త్రీల పాటల సంకలనములు, ఏనాడో మూతబడిన ముద్రాలయముల చిన్నచిన్న పొత్తములు, ఇవన్నియు ఈ పని జరుగకున్నచో చెదలకో వానకో ఆహుతియై యుండెడివి. ఈ ఉపకారమును ఎవరును కాదనలేరు.

బొమ్మలు తీసిన విధానమును కొంచెము వివరముగ తెలిసికొనవలెను. ఇందుకు వాడిన యంత్రములలో ముఖ్యమైనది మినోల్టా కంపెనీవారి స్కానరు. సాధారణ యంత్రములలో పుస్తకమును బోర్లించి అద్దముపై అదిమి పెట్టవలెను. పాత పుస్తకమునకు ఇందువలన వెన్ను విరుగును. ఈ యంత్రములో పుస్తకమును వెల్లకిల తెరచి పెట్టిన చాలును. పైనుండి కన్ను దానిని చూచును. అంగుళమునకు 600 చుక్కల చొప్పున పుటను విభజించి, ప్రతి చుక్క నలుపో తెలుపో నిర్ణయించును. అయిదు అంగుళముల వెడల్పు, ఎనిమిది అంగుళముల పొడవు గల పుటను తీసికొన్నచో అడ్డముగ 3,000, నిలువుగ 4,800 చుక్కలు, మొత్తము 1,44,00,000 చుక్కలగును. ఒక్కొక్క చుక్కకు నలుపు, తెలుపు అను రెండే గతులు కనుక ఒక్క బిట్టు చాలును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున పుటకు 18 లక్షల బైట్లు. పుటలో అధిక భాగము ఖాళీ తెలుపే కనుక, ఫ్యాక్సు యంత్రములలో వాడెడి కుదింపు పద్ధతిచే దీనిని చాలవరకు తగ్గించవచ్చును. ఇట్లు మూడువందల పుటల గ్రంథము కూడ కొలది స్థలములో ఇమిడిపోవును. డిస్కుల ధర హెచ్చుగ నున్న 2000 ప్రాంతమున ఇది తెలివైన నిర్ణయమే.

కాని ఈ నిర్ణయము ఆంగ్ల అక్షరములను మనసులో పెట్టుకొని చేసినది. నలుపు, తెలుపులకు నడుమ ఒక గీత గీసి, దానికి పైనున్నదెల్ల తెలుపనియు, క్రిందనున్నదెల్ల నలుపనియు యంత్రము తీర్పు చెప్పును. క్రొత్త కాగితముపై నల్లని సిరాకు ఈ తీర్పు సరిపోవును. నూరేండ్ల పుస్తకమున కాగితము పసుపెక్కి, గోధుమవన్నె తిరిగి, తేమ మరకలు పడియుండును, సిరా వెలిసియుండును. గీతను కొంచెము క్రిందికి దించినచో వెలిసిన సిరా మాయమగును. పైకెత్తినచో మరక అంతయు మసిముద్దయగును. తెలుగు లిపిలో అర్థమంతయు చిన్న గుర్తులలో నున్నది. ‘ద’కు ‘ధ’కు గల భేదము క్రిందనుండు ఒక చిన్న గీత. ‘ప’కు ‘ఫ’కు గల భేదమును అట్టిదే. తలకట్టు చెరిగినచో అక్షరమే తారుమారగును. పాత కావ్యముల ముద్రణలలో అరసున్న సన్నని అర్ధచంద్రము వలె నుండును. నలుపు తెలుపుల తీర్పులో మొట్టమొదట నశించునది అదే. పద్యమున అరసున్న పోయినచో పండితుడు ఊహించి చదువుకొనును గాని, వ్యాకరణ పరిశోధకునకు ఆ బొమ్మ సాక్ష్యముగ పనికిరాదు. బూడిదవన్నె మెట్లతో బొమ్మ తీసియున్నచో ప్రతి చుక్కకు ఎనిమిది బిట్లు పట్టి స్థలము హెచ్చియుండెడిది. అయినను, కనీసము పాడైన పుస్తకముల మట్టుకైనను ఆ ఖర్చు పెట్టవలసినది.

ఇది చిన్న దోషము. పెద్ద దోషము గ్రంథసూచిలో ఉన్నది.

గ్రంథాలయములో పుస్తకము ఉండుట వేరు, దొరకుట వేరు. సూచి లేని గ్రంథాలయము గోదాము. ఈ సంగతిని భారతీయులకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 1931లో శియాళి రామామృత రంగనాథన్‌గారు గ్రంథాలయ శాస్త్రమునకు అయిదు సూత్రములు విధించుచు, పాఠకుని కాలమును వృథా చేయరాదని నాలుగవ సూత్రముగ నిలిపెను. డిజిటల్ లైబ్రరీలో ప్రతి గ్రంథమునకు పేరు, కర్త, ప్రకాశకుడు, సంవత్సరము, భాష, విషయము మున్నగు గడులు ఏర్పరచిరి. గడులు బాగుగనే యున్నవి. వానిని నింపుటలోనే అనర్థము జరిగినది.

తెలుగు పుస్తకముల పేర్లను తెలుగు లిపిలో వ్రాయక రోమను లిపిలో వ్రాసిరి. అదియును ఒక నియమము ప్రకారము కాదు; ఒక్కొక్క కేంద్రమున ఒక్కొక్క విధముగ, ఒక కేంద్రములోనే ఒక్కొక్క మనిషి ఒక్కొక్క విధముగ వ్రాసిరి. దీని ఫలితమును లెక్క వేసి చూడవచ్చును. ‘ఆంధ్ర మహాభారతము’ అను పేరునే తీసికొందురుగాక. ‘ఆ’కు ఆంగ్లములోని మొదటి అక్షరమును ఒకసారి వ్రాయువారున్నారు, రెండుసార్లు వ్రాయువారున్నారు. సున్నకు ఎన్ వ్రాయువారు కొందరు, ఎమ్ వ్రాయువారు కొందరు. ‘ధ’కు హెచ్ చేర్చువారు, చేర్చనివారు. ‘హా’కు, ‘భా’కు దీర్ఘము చూపువారు, చూపనివారు. ‘త’కు టీ ఒక్కటియే వ్రాయువారు, తెలుగుదేశపు అలవాటున టీ హెచ్ వ్రాయువారు. ఆరు చోట్ల రెండేసి మార్గములు. రెండును ఆరుమారులు హెచ్చవేసినచో 64. చివరి ‘ము’ను సున్నతో ముగించువారిని కూడ చేర్చినచో 128. పాఠకుడు ఒక విధమున వ్రాసి వెదకును. కంప్యూటరు అక్షరమునకు అక్షరము సరిపోవునా అని మాత్రమే చూచి, లేదని చెప్పును. పుస్తకము పక్కనే యుండును. లేదన్న మాటను నమ్మి వెనుదిరిగిన విద్యార్థి, ఆ గ్రంథమే లోకమున లేదని తన వ్యాసములో వ్రాసికొనును.

ఆనాడు తెలుగు లిపిని కంప్యూటరులో వ్రాయు వీలు లేదు కదా అని ఎవరైన సమర్థింపవచ్చును. ఈ సమర్థన చాలదు. ప్రపంచ లిపులన్నింటికి సంఖ్యలు కేటాయించు యూనికోడు మొదటి కూర్పు 1991లో వెలువడినది. అందులో తెలుగునకు 128 స్థానములు గల ఖండము ప్రత్యేకముగ నుండెను. భారతీయ లిపులకు ప్రభుత్వమే నిర్ణయించిన ఇస్కీ ప్రమాణమును 1991 నాటిదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అను తెలుగు అక్షరరూపము చేరియుండెను. సాధనమున్నది, దానిపై టైపు చేయు అభ్యాసము గల గుమాస్తాలు తక్కువ. ఏబదివేల పేర్లు టైపు చేయుటకు కొందరికి కొన్ని వారముల శిక్షణ ఇచ్చుట అసాధ్యమైన పని కాదు. ఒక పుస్తకమునకు మూడువందల పుటలు తిప్పి బొమ్మ తీయు ఓపిక యున్నచోట, దాని ముఖపత్రముపై నున్న ఒక్క పంక్తిని ఉన్నది ఉన్నట్లు వ్రాయు ఓపిక లేకపోవుట విచిత్రము.

కర్తల పేర్ల విషయమున చిక్కు మరింత గట్టిది. పాశ్చాత్య గడులు మొదటి పేరు, చివరి పేరు అని రెండుగ చీలియుండును. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని ఒకచోట చిలకమర్తి క్రింద, వేరొకచోట లక్ష్మీనరసింహము క్రింద, ఇంకొకచోట పొడి అక్షరముల క్రింద చేర్చినచో ఆయన మువ్వురు మనుష్యులగును. బమ్మెర పోతన అన్నను, పోతరాజు అన్నను, పోతనామాత్యుడన్నను ఒక్కడే యని చెప్పు నిర్ణయ పట్టిక ఏ మంచి గ్రంథాలయమునకైనను వెన్నెముక వంటిది. ఇక పేర్లకు ముందు ‘శ్రీ’, ‘శ్రీమత్’, ‘శ్రీమదాంధ్ర’ అను విశేషణములు. గౌరవముతో పెట్టిన ఈ పదములచే వందలాది గ్రంథములు ఒక్క అక్షరము క్రింద గుంపుగూడి, ఏది ఏదో తెలియక పోయినవి.

సంవత్సరము గడిలో జరిగిన పొరపాట్లు చూచినచో గ్రంథపాలకుని విద్య ఎట్టిదో తెలియును. పాత తెలుగు పుస్తకములపై కొన్నిట ప్రభవాది సంవత్సర నామమే యుండును. ‘శుభకృతు’ అని యున్నదనుకొందము. అరువదేండ్లకొకసారి అదే పేరు తిరిగి వచ్చును గనుక అది 1902–03 కావచ్చును, 1962–63 కావచ్చును. కాగితము చూచి, ముద్రాలయము పేరు చూచి, అక్షరముల పోత చూచి, కర్త జీవితకాలము చూచి, ఏదో నిర్ణయింపవలెను. కర్త కందుకూరి వీరేశలింగముగారై, గ్రంథము ఆయన జీవితకాలమున అచ్చయినదని పీఠికనుబట్టి తేలినచో, ఆయన 1919లో పరమపదించెను గనుక 1962 అసంభవము. ఈ ఆలోచనకు రెండు నిమిషములు పట్టును. గుమాస్తాకు ఆ రెండు నిమిషములు ఇచ్చినవారు లేరు. ఆ గడి కొన్నిట ఖాళీగ, కొన్నిట తప్పుగ మిగిలినది.

ఇది పండితుల పట్టింపు మాత్రమే అనుకొనరాదు. భారతదేశపు కాపీరైటు చట్టము ప్రకారము కర్త మరణించిన తరువాత అరువది సంవత్సరములవరకు హక్కు నిలుచును. కర్త పేరు లేని గ్రంథమునకు ప్రచురణనుండి అరువది సంవత్సరములు లెక్కింతురు. పై ‘శుభకృతు’ పుస్తకము కర్త పేరు లేనిదైనచో, 1902 నాటిదైన దానిపై హక్కు ఏనాడో తీరినది. 1962 నాటిదైన 2022 చివరివరకు హక్కు జీవించియుండెను. ఒక గడిలోని తప్పు ఇట్లు న్యాయస్థానమువరకు పోగలదు. డిజిటల్ లైబ్రరీలో హక్కులు తీరిన గ్రంథములతోబాటు తీరనివియును చేరిపోయినవి. అట్టి భాండాగారమును నడపువారికి ఎప్పుడు ఏ పుస్తకమును తీసివేయవలసి వచ్చునో తెలియదు. తెలియనప్పుడు అన్నిటిని కలిపి మూసివేయుటయే సులభమార్గముగ తోచును.

ఒకే గ్రంథమును రెండు మూడు చోట్ల మరల మరల బొమ్మ తీయుటయు సూచి లోపము ఫలితమే. ఒక గ్రంథాలయమున తీసిన పుస్తకము వేరొక గ్రంథాలయమున ఉన్నచో, అది ముందే తీసినదని గుర్తించుటకు పేర్లు కలియవలెను. అరువదినాలుగు విధములుగ వ్రాసిన పేర్లు ఎట్లు కలియును? అందుచే ఏబదివేలు అను సంఖ్య ఏబదివేల కృతులు అని అర్థము కాదు. మరియొక వంక కొన్ని పుస్తకములలో పుటలు తప్పిపోయినవి. రెండు పుటలు అంటుకొని ఒకటి మిగిలినవి. ఒక పుటలో పనివాని బొటనవ్రేలు పద్యమును కప్పినవి. సూచి సరిగ నున్నచో రెండు ప్రతులుండుట వరమయ్యెడిది, ఒకదానిలో లోపించిన పుటను రెండవదానినుండి పూరింపవచ్చును. బ్రౌనుదొరగారు కడపలో పండితులను కూర్చుండబెట్టి, ఒక కావ్యమునకు దొరకిన తాళపత్ర ప్రతులన్నిటిని ఎదురెదురుగ పెట్టి పోల్పించినది ఈ ప్రయోజనమునకే. ఆ పని నూటయెనుబది సంవత్సరములకు పూర్వము చేతితో జరిగినది.

ఇన్ని లోపములకు మూలమేది? పనిని కొలిచిన కొలబద్ద. ఎన్ని గ్రంథములు, ఎన్ని పుటలు అనునవే నివేదికలలో ముందు నిలచినవి. ఎన్ని గ్రంథములను పాఠకులు కనుగొనిరి, ఎన్ని సూచికలను సరిచూచిరి అనునవి లెక్కలోనికి రాలేదు. సంఖ్యను కోరిన పనికి సంఖ్యయే దక్కినది.

చదువుటలోని ఇబ్బందులను గూర్చి క్లుప్తముగ చెప్పిన చాలును. ప్రతి పుటను వేరువేరు టిఫ్ బొమ్మగ దాచిరి. సాధారణ బ్రౌజరులకు ఆ బొమ్మ కనబడదు. ప్రత్యేకమైన చేర్పును ముందు దించుకొనవలెను. తరువాత ఒక్కొక్క పుట వచ్చువరకు వేచియుండవలెను. ఓర్వలేక కొందరు యువకులు పుటలన్నిటిని ఒక్కమారు లాగి ఒక సంపుటముగ కుట్టెడి చిన్న ప్రోగ్రాములను తామే వ్రాసి పంచిపెట్టిరి. భాండాగారమువారు చేయవలసిన పనిని పాఠకులు చేసికొనుట అప్పటినుండియే మొదలైనది.

మూడవ ప్రశ్న, నిలకడను గూర్చినది. కాగితపు పుస్తకమును బీరువాలో పెట్టి మరచిపోయినను ఏబదియేండ్లు ఉండును. ఎలక్ట్రానిక్ గ్రంథమును మరచిపోయినచో ఉండదు. డిస్కులు అయిదారేండ్లలో చెడుట ఆరంభించును. సర్వరు అద్దెయు, వెబ్ చిరునామా రుసుమును ఏటేట చెల్లింపవలెను. విద్యుత్తు, శీతలీకరణ, మనుష్యుల జీతము ఏనాడును ఆగవు. బొమ్మ తీయుటకు ఇచ్చిన డబ్బు ఒక్కసారి ఇచ్చు డబ్బు. నిలుపుటకు కావలసినది నిత్యవ్యయము. పథకములకు డబ్బు దొరకును, పోషణకు దొరకదు. చెరువు త్రవ్వించినవాని పేరు శిలపై ఎక్కును, పూడిక తీయించినవాని పేరు ఎవరికి తెలియును? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు ఆరంభమైన పదునైదేండ్లు తిరుగకమునుపే పాఠకులకు అందకుండ పోయినది. అంతవరకు పుస్తకములలో, వ్యాసములలో, తెలుగు వికీపీడియా పుటలలో ఆధారములుగ ఇచ్చిన వేలాది లంకెలు ఏ ఇంటికి పోవునో తెలియని ఉత్తరములైనవి.

గ్రంథములు పూర్తిగ నశింపకుండుటకు కారణము బయటివారి చొరవ. పబ్లిక్ రిసోర్సు అను అమెరికా సంస్థను నడపు కార్ల్ మలమూద్ మున్నగువారు, అప్పటికి తెరచియున్న భాండాగారమునుండి నాలుగు లక్షలకు పైబడిన గ్రంథములను ప్రతి తీసి, 2017 ప్రాంతమున ఇంటర్నెట్ ఆర్కైవు అను గ్రంథాలయమున చేర్చిరి. ఈనాడు తెలుగు పాఠకుడు పాత పుస్తకమును దించుకొని చదువుచున్నాడన్నచో చాలమారులు ఆ ప్రతియే. ఇందులో ఒక పాఠమును, ఒక చిక్కును కూడ ఉన్నవి. ప్రతులు ఎక్కువ యున్నకొలది వస్తువు క్షేమమను సూత్రముపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 1999లోనే ‘లాక్స్’ అను పద్ధతిని ప్రారంభించియుండిరి. దానిలో అనేక గ్రంథాలయములు ఒకే పత్రికను తమతమ కంప్యూటరులలో దాచికొని, ఒకరి ప్రతిని మరొకరు సరిచూచుకొనుచుందురు. చెడిన ప్రతిని మంచి ప్రతితో బాగు చేసికొందురు. ఆ సూత్రము ఇక్కడ యాదృచ్ఛికముగ నెరవేరినది. యాదృచ్ఛికము కనుక తప్పుల సూచికయే ప్రతిలోనికి వలసపోయినది. అరువదినాలుగు విధముల పేర్లు అక్కడను అట్లే యున్నవి.

సరిచూచుకొనుట యనగా ఏమో చెప్పవలెను. ఒక గ్రంథము యొక్క బిట్లన్నిటిని ఒక గణిత సూత్రములో వేసి ఒక చిన్న సంఖ్యను రాబట్టుదురు. గ్రంథములో ఒక్క బిట్టు మారినను ఆ సంఖ్య మారిపోవును. నేటి సంఖ్యను దాచియుంచి, ఏడాదికొకసారి మరల లెక్కించి, రెండును సరిపోయినచో గ్రంథము చెక్కుచెదరలేదని నిశ్చయింపవచ్చును. అమెరికా విశ్వవిద్యాలయములు 2008లో స్థాపించిన హాతీ ట్రస్టు ఈ విధముగనే తన భాండారమును కాపాడుచున్నది. ఒక ప్రతి మిషిగన్ రాష్ట్రమున, మరొకటి ఇండియానా రాష్ట్రమున నుంచినది. అందలి గ్రంథములలో అధిక భాగము గూగుల్ కంపెనీ బొమ్మ తీసినవే. కాని ఆ విశ్వవిద్యాలయములు, ప్రతులను తమకు కూడ ఇయ్యవలెనని ముందే ఒప్పందము వ్రాసికొనినవి. ఎంత దూరదృష్టియో 2008 మే నెలలోనే తేలినది. ఏడున్నర లక్షల పుస్తకములు తీసిన మైక్రోసాఫ్టు కంపెనీ, ఇక ఆ పని లాభము లేదని ఆ నెలలో పుస్తకముల వెదకులాటను ఎత్తివేసినది. తీసినవారే ఎల్లకాలము కాపాడుదురని నమ్మి గ్రంథాలయము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. హైదరాబాదు, తిరుపతి గ్రంథాలయములు తమ పుస్తకములను ఇచ్చినప్పుడు, వాని బొమ్మల ప్రతి తమ వద్ద కూడ ఒకటి ఉండవలెనని పట్టుబట్టియున్నచో, వెబ్‌సైటు మూతపడిననాడు పాఠకుడు అమెరికావంక చూడవలసిన అగత్యము ఉండెడిది కాదు.

ఖరగపూరు ఐఐటీవారు నిర్మించి, 2018 జూన్ 19న జాతికి అంకితము చేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఈ లోపమును తీర్చినదా అని కొందరు అడుగుదురు. అది ముఖ్యముగ పలుచోట్ల నున్న గ్రంథముల వివరములను ఒకచోట చేర్చి దారి చూపు సంస్థ. దారి చూపుటయు గొప్ప సేవయే. అయితే చూపిన ఇంట తలుపు మూసియున్నచో దారి తెలిసి లాభమేమి? వివరములు తప్పైనచో దారియును తప్పగును. సూచికను ఎంత పెద్ద సూచికలో కలిపినను అందలి తప్పులు కరగిపోవు.

తెలుగున ఈ కొరతను కొంత తీర్చినవారు జీతము లేని కార్యకర్తలు. తెలుగు వికీపీడియాలో డిజిటల్ లైబ్రరీలోని తెలుగు పుస్తకముల పట్టికను అక్షరక్రమమున, తెలుగు లిపిలో కూర్చిరి. ఒక్కొక్క పుస్తకమును తెరచి, ముఖపత్రము చూచి, రోమను వికృతరూపము వెనుక దాగిన అసలు పేరును పట్టుకొనిరి. వికీసోర్సులో పుటలను చదువదగిన అక్షరములుగ మార్చుచున్నారు. ఇందుకు యంత్రసహాయము ఇప్పుడు దొరకుచున్నది. బొమ్మనుండి అక్షరములను గుర్తించు విద్య డిజిటల్ లైబ్రరీ ఆరంభమైననాడు తెలుగున అక్కరకు వచ్చు స్థితిలో లేదు. గత పది పదునైదేండ్లలో గూగుల్‌వారి సాధనము, టెసరాక్టు అను ఉచిత సాధనము తెలుగు ముద్రణను చాలవరకు చదువగలుగుచున్నవి. గ్రంథమంతయు అక్షరములైనచో పేరు తప్పైనను లోపలి మాటనుబట్టి పుస్తకమును పట్టవచ్చునని ఆశ కలుగును. ఈ ఆశ పాక్షికముగ నిజము. నలుపు తెలుపుల తీర్పులో నశించిన ఒత్తులను యంత్రము కల్పించి చదువును. ‘ధనము’ ‘దనము’గ, ‘ఫలము’ ‘పలము’గ తేలును. ఇరువదేండ్ల క్రిందట స్థలము కలిసివచ్చునని చేసిన పొదుపు ఇక్కడ తిరిగి ఖర్చగుచున్నది.

ఇంతటితో నిరాశ చెందవలసిన పని లేదు. దిద్దుబాటునకు మార్గమున్నది, అది ఖరీదైనది కూడ కాదు. ముఖపత్రముల బొమ్మలను మాత్రము వేరు చేసి, గ్రంథాలయ శాస్త్రము చదువు విద్యార్థులచే పేరు, కర్త, ముద్రాలయము, సంవత్సరము తెలుగు లిపిలో వ్రాయించవచ్చును. ఒక్కొక్కరు దినమునకు ఏబది చొప్పున వ్రాసినను ఇరువదిమంది ఏబది దినములలో ఏబదివేలు ముగింతురు. మరియొక ఏబది దినములు వేరొకరిచే సరిచూపించినచో ఇంతకాలముగ లేని విశ్వసనీయమైన సూచి ఏర్పడును. తరువాత ఒకే కృతికి గల ప్రతులను ఒకచోట చేర్చి, లోపించిన పుటల జాబితా తీయవలెను.

ఆ జాబితా వచ్చినప్పుడు చేయవలసిన పని మాత్రము కంప్యూటరు ముందు కూర్చుండి చేయునది కాదు. పుస్తకమును ఇచ్చిన గ్రంథాలయమునకు పోయి, ఆ బీరువా తెరచి, అసలు ప్రతిని చేతబట్టి, తప్పిన పుటను ఈసారి బూడిదవన్నెలో బొమ్మ తీయవలెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి కొయ్యగుజ్జుతో చేసిన కాగితము హెచ్చుగ వాడుకలోనికి వచ్చినది. అందులోని ఆమ్లము పీచును లోపలనుండియే తినివేయును; పుట పెళుసెక్కి, మడచినచోట విరిగి, చివరకు వ్రేలు తగిలినను పొడియగును. బొమ్మ తీసితిమి కదా అని అసలు ప్రతులను మూలకు నెట్టిన గ్రంథాలయములు, వానిలో ఏవి ఇంకను పుట తిప్పుటకు ఓర్చునో ముందుగ లెక్క తీయవలసియున్నది.